టెలికన్వర్టర్ కొనే ముందు లెన్సును అడగండి

చలికాలంలో పులికాట్ సరస్సుకు ఫ్లెమింగోలు దిగాయంటే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు పక్కన కెమెరాలు వరస కడతాయి. పక్షులేమో నీళ్ళలో ఎక్కడో లోపల ఉంటాయి. 300 మిల్లీమీటర్ల లెన్సులోంచి చూస్తే గులాబీ రంగు చుక్కలు తప్ప మరేం కనిపించదు. పెద్ద లెన్స్ కొందామంటే లక్షల మాట. సరిగ్గా అప్పుడే పక్కనున్న పెద్దమనిషి, "టెలికన్వర్టర్ పెట్టి చూడండి సార్" అంటాడు.

లెన్సుకూ కెమెరా బాడీకీ మధ్య బిగించే పొట్టి గొట్టం అది. లోపల కొన్ని గాజు కటకాలు ఉంటాయి. లెన్స్ వేసిన బొమ్మలో నడిమి భాగాన్ని సాగదీసి సెన్సార్ మీద పరుస్తుంది. కొత్త వెలుగును గానీ కొత్త వివరాన్ని గానీ ఎక్కడినుంచీ తేదు. ఒక రకంగా మజ్జిగలో నీళ్ళు పోయడం లాంటిదే. గడ్డ పెరుగు చిలికిన మజ్జిగైతే ఇంకో చెంబు నీళ్ళు పోసినా రుచి నిలుస్తుంది. ముందే పలచగా ఉంటే మిగిలేది నీళ్ళే.

ఆ పలచనకు లెక్క ఉంది. 1.4 ఎక్స్ కన్వర్టర్ పెడితే బొమ్మ వైశాల్యం రెట్టింపవుతుంది, కాబట్టి వెలుగు సగానికి, అంటే ఒక స్టాప్, పడిపోతుంది. 2 ఎక్స్ అయితే వైశాల్యం నాలుగింతలు, వెలుగు నాలుగోవంతు, నష్టం రెండు స్టాపులు. 300 మి.మీ. ఎఫ్4 లెన్స్ మొదటిదానితో 420 మి.మీ. ఎఫ్5.6గా, రెండోదానితో 600 మి.మీ. ఎఫ్8గా మారుతుంది. ఎగిరే కొంగను సెకనులో వెయ్యోవంతు వేగంతో, ఐఎస్ఓ 800లో తీస్తున్నారనుకుందాం. అదే వేగం నిలుపుకోవాలంటే 1.4 ఎక్స్‌తో ఐఎస్ఓ 1600కు, 2 ఎక్స్‌తో 3200కు వెళ్ళాలి. పైగా దగ్గరికి లాగేకొద్దీ చేతి వణుకూ పెద్దదవుతుంది. అంచేత ఆ వేగం కూడా చాలకపోవచ్చు. ఉదయం ఎనిమిదింటికి ఫరవాలేదు గానీ, సాయంత్రం ఆరింటికి ఈ లెక్క చేదుగా ఉంటుంది.

అందుకే అడగాల్సిన మొదటి ప్రశ్న 1.4 ఎక్సా, 2 ఎక్సా అన్నది కాదు, మీ లెన్స్ ఏమిటన్నది. ఎఫ్2.8 లేదా ఎఫ్4 ప్రైమ్ లెన్స్ ఉంటే 1.4 ఎక్స్ నిశ్చింతగా కొనుక్కోవచ్చు. 2 ఎక్స్ అనేది ఎఫ్2.8 వాళ్ళ విలాసమని నా అభిప్రాయం. నేను మొదట కొన్నది అదే, ఎఫ్5.6 జూమ్ కోసం. ఇప్పుడది బీరువాలో ఉంది. సోనీ 200-600 లాంటి జూమ్ పొడవు చివరన ఎఫ్6.3. దానికి 1.4 ఎక్స్ పెడితే 840 మి.మీ., ఎఫ్9. మంచి ఎండలో నడుస్తుంది, చెట్ల నీడలో నీరసపడుతుంది.

ఫోకస్ సంగతీ చూడాలి. అద్దం ఉన్న పాత డీఎస్ఎల్ఆర్‌లు చాలావరకు ఎఫ్5.6 దాటితే ఆటోఫోకస్ పట్టవు. మెరుగైన కొన్నింట్లో ఎఫ్8 దాకా పనిచేస్తుంది, అదీ ఎక్కువగా నడిమి పాయింటుతో. మిర్రర్‌లెస్ కెమెరాలకు ఈ ఇబ్బంది తక్కువ, వెలుగు తగ్గితే మాత్రం అవీ తడుముకుంటాయి.

ఒకే కంపెనీ కదా, పట్టేస్తుందిలే అనుకోవడం ఇంకో పొరపాటు. కానన్ కన్వర్టర్ (దాని పేరు ఎక్స్‌టెండర్) ముందు భాగం లెన్స్ లోపలికి చొచ్చుకు వెళుతుంది. అందుకు జాగా లేని లెన్సుకు అది బిగదు. ఆర్ఎఫ్ 70-200 ఎఫ్2.8 తొలి మోడల్ అంత ఖరీదైనదై ఉండీ దాన్ని ఒప్పుకోదు. ఆర్ఎఫ్ 100-500కు బిగించినా జూమ్‌ను 300 కంటే వెనక్కి తిప్పలేరు. కంపెనీ ఇచ్చే జాబితాలో మీ లెన్స్ పేరు కళ్ళారా చూశాకే డబ్బు కట్టండి.

అసలు కొనాలా అన్న అనుమానం కూడా మంచిదే. 24 మెగాపిక్సెళ్ళ ఫొటోను 1.4 రెట్లు దగ్గరికి వచ్చేలా క్రాప్ చేస్తే 12 మిగులుతాయి, రెండు రెట్లయితే 6. అదే 45 మెగాపిక్సెళ్ళ బాడీ అయితే మొదటి క్రాప్ తర్వాత కూడా 22 పైనే ఉంటాయి. అలాంటి కెమెరాకు ఎఫ్6.3 జూమ్ తగిలించుకున్నవారికి క్రాపే కన్వర్టర్. తేల్చుకోవడానికి స్నేహితుడి కన్వర్టర్ ఒక పూట అడిగి తెచ్చుకోండి. గోడకు దినపత్రిక అంటించి, ట్రైపాడ్ మీంచి అది పెట్టి ఒకటి, పెట్టకుండా ఒకటి తీయండి. రెండోదాన్ని అంతే సైజుకు పెంచి, చిన్న అక్షరాలు ఎందులో చదవగలుగుతున్నారో చూడండి.

తూనీగల మీద మోజున్నవాళ్ళకు మాత్రం కన్వర్టర్ ఓ వరం. లెన్స్ అతి దగ్గరి ఫోకస్ దూరం మారదు గనక, అంతే దూరంలో నిలబడి రెక్కల ఈనెల్ని మరింత పెద్దగా పట్టుకోవచ్చు.

పులికాట్‌లో మిట్టమధ్యాహ్నం ఫ్లెమింగోలు అలల్లాగా వణుకుతూ కనిపిస్తాయి. అది కాగిన గాలి చేసే పని. కన్వర్టర్ పక్షితోపాటు ఆ వణుకునూ పెద్దది చేస్తుంది. ఆ వేళ దాన్ని సంచిలో పెట్టేసి, పొద్దు వాలేదాకా ఏ చెట్టు నీడనో కూర్చోవడమే.