హెడ్‌లైటు వైరింగు లోపాలు

కారు హెడ్‌లైట్లకు బ్యాటరీ నుండి విద్యుత్తును అందించే వలయంలో ఏర్పడే దోషాలను హెడ్‌లైటు వైరింగు లోపాలు అంటారు. దీపం వెలగకపోవడం, మసకగా వెలగడం, గతుకులలో ఆరి వెలగడం వీటి లక్షణాలు. ఈ వ్యాసం 12 వోల్టుల బ్యాటరీ, హాలోజన్ బల్బులు గల కార్లకు సంబంధించినది. ఎల్ఈడీ దీపాల పరీక్షా విధానం వేరు.

వలయం

బ్యాటరీ ధన ధ్రువం నుండి ఫ్యూజు, స్విచ్చి, రిలేల మీదుగా విద్యుత్తు బల్బుకు చేరుతుంది. అది తిరిగి ఋణ ధ్రువానికి చేరడానికి కారు లోహపు బాడీయే మార్గం. దీనిని మెకానిక్కులు ఎర్త్ అంటారు. పేరు అలా ఉన్నా భూమితో దీనికి సంబంధం లేదు. వాడుకలో ఉన్న హెచ్4 రకం బల్బులో 60 వాట్ల హైబీమ్, 55 వాట్ల లోబీమ్ ఫిలమెంట్లు ఉంటాయి.

దోషాన్ని కనుగొనడం

ఒక దీపం మాత్రమే వెలగనప్పుడు కుడి, ఎడమ బల్బులను పరస్పరం మార్చి చూడాలి. దోషం బల్బుతోపాటు రెండవ వైపునకు మారితే బల్బు పాడైనట్లు. మారకపోతే ఆ వైపు ఫ్యూజులోనో, వైరులోనో, హోల్డరులోనో లోపం ఉన్నట్లు.

మసకగా వెలిగే దీపం విషయంలోనే చాలామంది పొరబడతారు. హోల్డరు ఊడదీసి మల్టీమీటరు పెడితే పూర్తిగా 12 వోల్టులు కనిపిస్తాయి, వైరింగు బాగున్నదనుకొని బల్బులు మారుస్తారు. కరెంటు ప్రవహించనప్పుడు చిలుము పట్టిన అతుకు కూడా పూర్తి వోల్టేజినే చూపుతుంది. ఓం నియమం ప్రకారం 60 వాట్ల ఫిలమెంటు నిరోధం వెలిగేటప్పుడు సుమారు 2.4 ఓములు. అతుకు వద్ద 0.4 ఓము అదనంగా చేరితే అక్కడే దాదాపు 1.7 వోల్టులు నష్టమవుతాయి. కాంతి వోల్టేజి కంటె చాలా వేగంగా తగ్గుతుంది కనుక దీపం ఇంచుమించు మూడు వంతుల కాంతినే, అనగా అయిదింట మూడు వంతులే ఇస్తుంది. మిగిలిన శక్తి అతుకులో వేడిగా మారి ప్లాస్టిక్ హోల్డరును కరిగిస్తుంది.

అందువలన దీపం వెలుగుతుండగానే కొలవాలి. మల్టీమీటరు ఒక కొనను బల్బు ఎర్త్ కాలికి, రెండవ కొనను బ్యాటరీ ఋణ ధ్రువానికి ఆనించాలి. అర వోల్టు దాటితే ఎర్త్ లోపమే. ఇదే విధంగా బ్యాటరీ ధన ధ్రువానికి, బల్బు ధన కాలికి మధ్య కూడా చూడాలి. కొన్ని జపాను కార్లలో స్విచ్చి ఎర్త్ వైపున ఉంటుంది, కనుక ముందుగా వైరింగు పటం చూడడం మంచిది.

ఒక దీపం వేస్తే వేరొక దీపం సన్నగా వెలగడం కూడా ఎర్త్ లోపానికి గుర్తు. ఎర్త్ బోల్టును విప్పి, తుప్పును గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే చాలావరకు సరిపోతుంది. సముద్రతీర పట్టణాలలో ఉప్పుగాలి వలన ఈ తుప్పు త్వరగా వస్తుంది.

జాగ్రత్తలు

పోయిన ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టరాదు. షార్టు సర్క్యూట్ అయినప్పుడు వైరే కాలి కారుకు నిప్పంటుకోవచ్చు. కాంతి చాలలేదని 100 వాట్ల బల్బులు అమర్చితే ఒక్కొక్కదానికి 8 ఆంపియర్లకు పైగా కరెంటు కావాలి, 60 వాట్ల బల్బుకు ఇది 5 ఆంపియర్లే. హాలోజన్ బల్బు గాజును వట్టి వేళ్ళతో తాకరాదు. వైరు అతికేటప్పుడు బ్యాటరీ ఋణ ధ్రువాన్ని ముందుగా విప్పాలి.