ఆజంజాహి మిల్లు కూత

ఓరుగల్లునకు పోయినవారు వేయి స్తంభముల గుడియు, కోటలోని కీర్తితోరణములును చూచి మరలుదురు. ఇటీవల మేమును వానిని దర్శించి, పిమ్మట వరంగల్లులో ఆజంజాహి మిల్లు ఉండిన చోటు చూడబోయితిమి. కాకతీయుల రాళ్లకు కాపలా కలదు. మిల్లు నేలలో చాల భాగము ఇండ్ల స్థలములైనది.

ఈ బట్టల మిల్లు 1934లో, ఏడవ నిజాము కాలమున, ఆయన పెద్దకుమారుడగు ఆజంజా పేర వెలసినది. చుట్టుపట్ల పండిన ప్రత్తి ఇచటనే నూలై, ఇచటనే బట్టయ్యెడిది. వేలకొలది కుటుంబములకు అదియే అన్నము పెట్టినది. తరువాత అది జాతీయ జౌళి సంస్థ యాజమాన్యము క్రిందికి వచ్చెను. యంత్రములు పాతబడెను, మరమగ్గముల పోటీ పెరిగెను, నష్టములు పేరుకొనెను. తుదకు 2002లో మిల్లు మూతబడెను.

అచట నొక వృద్ధురాలు మాతో మాటలాడెను. ఆమె పెనిమిటి మిల్లులో నేతపని చేసినవాడు. ఇంట గడియారము లేకున్నను మిల్లు కూత విని పొయ్యి రాజేసెడిదట. మరల కూయులోపల సద్దిగిన్నె కట్టి యిచ్చెడిదట. కూత ఆగిన తరువాతి ఉదయమున అలవాటుచొప్పున అన్నము వండి, గిన్నె ఎవరికిచ్చుటయో తోచక దాని ముందర కూర్చుండిపోయెనట. ఆ మాట చెప్పి ఆమె నవ్వినది. మాకు మాత్రము నవ్వు రాలేదు.

మిల్లు మూతబడినపుడు యంత్రముల వెలయు, నేల వెలయు లెక్కకు వచ్చును. ఆ గిన్నె ఏ లెక్కలో వ్రాయుదురు? ఓరుగల్లు ప్రాంతపు నేతగాండ్రెందరో సూరతునకు, భివండికి వలసపోయిరి. మన ఎనుమాముల అంగడికి నేటికిని ప్రత్తి బండ్లు వచ్చుచునే యున్నవి. దానిని నేయు చేతులు మాత్రము పరదేశమున నున్నవి. వారిని మరల రప్పింపవలెనను తలంపుతోనే 2017లో గీసుకొండ, సంగెం మండలములలో కాకతీయ జౌళి పార్కునకు పునాది వేసిరి.

మన పెట్టెల అడుగున ఆజంజాహి మిల్లు బట్ట యొకటి దొరకవచ్చును. దొరికినచో పాతగుడ్డయని పారవేయక, బిడ్డలకు చూపి, ఇది మన ఊరి ప్రత్తి, మన ఊరి నేత యని చెప్పుడు. కోటకు కాపలా ప్రభుత్వము పెట్టినది. దీనికి కాపలా మనమే.