అంటు కట్టినంత మాత్రాన చెట్టు పొట్టిదైపోదు

ఇంటి ముందు కాస్త జాగా ఉంటే బంగినపల్లి అంటు తెచ్చి నాటుతారు. అంటు మొక్క గదా, పెద్దగా ఎదగదులే అని ధీమా. మూడో నాలుగో ఏట పూత కనబడేసరికి ఆ ధీమా ఇంకా గట్టిపడుతుంది. పదిహేనేళ్లు గడిచేసరికి కొమ్మలు పక్కింటి డాబా మీదికి, కరెంటు తీగల్లోకి పాకుతాయి. నిండుగా కాసే చెట్టును నరికించేస్తారు. అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

తొందరగా కాయడం వేరు, పొట్టిగా ఉండటం వేరు. అంటుకు వాడిన కొమ్మ కాపుకొచ్చిన చెట్టుది, దాని బాల్యదశ ఎప్పుడో గడిచిపోయింది. అందుకే త్వరగా పూస్తుంది. ఎత్తును తేల్చేది మాత్రం ఆ రకం, దాని కింద వేళ్లనిచ్చే మొక్క, అంటే వేరుమూలం.

వేరుమూలం మహిమ ఆపిల్‌లో చూడాలి. చెట్టును పొట్టిగా ఉంచే వేరుమూలాలు యూరప్ తోటమాలులకు శతాబ్దాలుగా తెలుసు. కానీ నర్సరీల్లో వాటి పేర్లు కలగాపులగంగా ఉండేవి. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రంలో రోనాల్డ్ హాటన్ 1910లలో వాటిని వేరుచేసి, అంకెలతో గుర్తించాడు. వాటిలో ఎం9 మీద అంటుకట్టిన ఆపిల్ 2-3 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. చిగుళ్లలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ బెరడు గుండా వేళ్లకు దిగాలి. ఎం9లో అది తక్కువగా దిగుతుంది. వేళ్లు కూడా పైకి సైటోకైనిన్ అనే మరో హార్మోన్‌ను తక్కువే పంపుతాయి, నీరూ అంత ధారాళంగా ఎక్కదు. కొమ్మలు ముందే ఎదుగుదల ఆపేస్తాయి. మిగిలిన ఆహారం పూమొగ్గలకు అందుతుంది. వేళ్లు పెళుసు కాబట్టి ఆ చెట్టుకు జీవితాంతం ఊతకర్ర ఉండాల్సిందే.

మామిడికి ఎం9 లాంటిది మన నర్సరీల్లో వాడుకలో లేదు. నాటు టెంకలు మొలిపించి వాటి మీదే అంటు కడతారు. కాబట్టి పొట్టితనాన్ని రకంలోనే వెతుక్కోవాలి. దశేరిని నీలంతో సంకరపరచి ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసిన ఆమ్రపాలి అలాంటిదే. పాత పద్ధతిలో 10 మీటర్ల దూరాన హెక్టారుకు 100 చెట్లు పడితే, ఆమ్రపాలిని 2.5 మీటర్ల ఎడంతో 1,600 నాటవచ్చు. ఏటా కాస్తుంది. పండు చిన్నదే గానీ గుజ్జు చిక్కటి నారింజ రంగు. చిన్న పెరటికి నా ఓటు దీనికే.

రకం కుదిరాక కత్తెర వేళ తెలియాలి. మామిడి ముదిరిన రెమ్మల కొసన పూస్తుంది. కాయలు కోసిన వెంటనే, జూన్-జులైలో కత్తిరిస్తే కొత్త రెమ్మలు చలికాలానికి ముదురుతాయి. నవంబరులో కత్తిరిస్తే ఆ ఏటి పూత పోయినట్టే. జామ అలా కాదు, కొత్త చిగురు మీదే పూస్తుంది. అందుకే లక్నోలోని కేంద్ర ఉద్యాన పరిశోధన సంస్థ పదేపదే కత్తిరిస్తూ హెక్టారుకు 5,000 జామ మొక్కలు పెంచే పద్ధతిని రూపొందించింది. ఎదుగుదల ఆపడానికి పాక్లోబ్యుట్రజోల్ అనే మందు పోయమని కొందరు సలహా ఇస్తారు. అది మట్టిలో చాలాకాలం ఉండిపోతుంది. కూరగాయలు కూడా పండే పెరట్లో దాని జోలికి పోవద్దు.

నాటేటప్పుడు అంటు అతుకు నేలకు జానెడు పైన ఉండాలి. ఎం9 ఆపిల్‌లో అతుకు మట్టిలో కూరుకుపోతే పై కొమ్మే సొంతంగా వేళ్లు వేసుకుని, చెట్టు మామూలు ఎత్తుకు లేస్తుంది. మామిడిలో అయితే అలా కూరుకుపోయిన అతుకు దగ్గర కుళ్లు పట్టవచ్చు. అతుకు కింద వచ్చే చిగుళ్లు నాటు టెంకవి, వాటిని లేతగా ఉన్నప్పుడే గిల్లేయాలి.