చుక్కల చదువుకు ఎక్కడికెళ్లాలి?

ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటే ఆ తర్వాత ఇంజినీరింగే. వరంగల్‌లో ఈ మాటకు ఎదురుండదు. 1959లో ఆర్‌ఈసీగా మొదలైన నిట్ కళ్లెదుటే ఉందాయె! అలాంటి ఊళ్లో ఓ అమ్మాయి ‘నేను ఖగోళశాస్త్రం చదువుతా, అదీ విదేశంలో డిగ్రీ నుంచే’ అంటే ఇంట్లోవాళ్లు ముందు వెతికేది ర్యాంకుల పట్టిక. నిజానికి అది ఆఖరున చూడాల్సింది.

ముందు తెలియాల్సింది... ఆ డిగ్రీలో ఉండేది చాలావరకు భౌతికశాస్త్రం, గణితమేనని. రాత్రంతా టెలిస్కోపుకు కన్ను ఆనించి కూర్చోవచ్చనుకుంటే నిరాశే. కెమెరాలు పట్టి తెచ్చిన సమాచారాన్ని కంప్యూటర్లో జల్లెడ పట్టడమే ఎక్కువ. ఈ పాఠాలు అన్నిచోట్లా దాదాపు ఒకటే. తేడా అంతా డిగ్రీ విద్యార్థిని పరిశోధన దగ్గరికి రానిస్తారా లేదా అన్నదాంట్లోనే.

అమెరికాలోని అరిజోనా యూనివర్సిటీనే తీసుకోండి. అక్కడి ఫుట్‌బాల్ స్టేడియం గ్యాలరీల కింద అద్దాల కార్ఖానా ఉంది. 8.4 మీటర్ల వెడల్పుండే టెలిస్కోపు అద్దాలను గుండ్రంగా తిరిగే కొలిమిలో పోత పోస్తారు. పేరు పెద్దగా వినపడని విలియమ్స్ కాలేజీది మరో దారి. అక్కడి ప్రొఫెసర్ జే పసాచాఫ్ సూర్యగ్రహణాల వెంట ప్రపంచమంతా తిరిగారు, డిగ్రీ పిల్లలను కూడా వెంటబెట్టుకెళ్లేవారు. 1980 ఫిబ్రవరి 16న మనవాళ్లు తలుపులు మూసుకుని ఇళ్లలో కూర్చుంటే, ఆయన హైదరాబాద్ దగ్గర్లోని జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో సూర్యుడి కరోనాను పరిశీలించారు. 2022లో కన్నుమూశారు.

ఇక డబ్బు సంగతి. చాలా ఇళ్లలో కథ ఇక్కడే ఆగుతుంది. హార్వర్డ్, ఎంఐటీ, ప్రిన్స్‌టన్, యేల్ లాంటి కొద్దిచోట్ల విదేశీ విద్యార్థి ఆర్థిక స్థితితో పనిలేకుండా సీటిస్తారు. ఇంటి ఆదాయం చూసి, తక్కువపడేదంతా వాళ్లే భరిస్తారు. కానీ ఆ సీటు రావడమే గగనం. ప్రభుత్వ యూనివర్సిటీల్లో మార్కులను బట్టి ఫీజులో కొంత తగ్గిస్తారు, మిగతాది ఇంటి మీదే. మన రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యానిధి పథకాలేమో పీజీ, ఆపై చదువులకే. డిగ్రీకి వర్తించవు. ఈ సంగతి తెలియక ముందే ప్లాటు బేరం పెట్టే తండ్రులుంటారు!

జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత సాధిస్తే సైన్సు కోర్సుల్లో నేరుగా చేరే వీలూ ఉంది. అయితే డిగ్రీ పాఠాలు ఎక్కువగా జర్మన్‌లోనే. పైగా మొదట భౌతికశాస్త్రం చదివి, ఖగోళశాస్త్రంలోకి తర్వాత వెళ్లాలి.

అమెరికా దరఖాస్తులకు గడువు చాలాచోట్ల జనవరి మొదట్లోనే. అంటే వ్యాసాలు, సిఫార్సు లేఖలు, శాట్ అన్నీ ఇంటర్ రెండో ఏడాది మధ్యలోనే పూర్తవ్వాలి. పొద్దున్నుంచి రాత్రిదాకా స్టడీ అవర్లుండే మన కాలేజీల్లో అందుకు తీరికెక్కడిది? మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టకపోతే కష్టం.

అలాగని డిగ్రీకే విమానం ఎక్కాలనీ లేదు. అమెరికాలో పీహెచ్‌డీకి చేర్చుకుంటే సాధారణంగా ఫీజు ఉండదు, ఎదురు స్టైపెండ్ ఇస్తారు. తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీకి జేఈఈ అడ్వాన్స్‌డ్‌తో వెళ్లొచ్చు. బీఎస్సీ చేశాక ఉస్మానియాలో ఖగోళశాస్త్రంలోనే ఎమ్మెస్సీ ఉంది. అప్పు భయం ఉన్న ఇంటికి ఇదే మేలైన దారి. కొత్తదేమీ కాదు కూడా. నిజామియా అబ్జర్వేటరీ ఉద్యోగి కొడుకుగా హైదరాబాద్‌లో పెరిగిన వేణు బప్పు నిజాం కాలేజీలో చదివి, భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేశాకే, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో 1949లో హార్వర్డ్‌కు వెళ్లారు. చేరిన కొద్ది నెలలకే, జులైలో, ఓ రాత్రి తీసిన ఫొటోలో ఎవరికీ తెలియని తోకచుక్క కనిపించింది. బప్పు-బోక్-న్యూకర్క్ అని దానికి పేరుపెట్టారు.