అంబులెన్స్ ఎక్కడ నిలపాలి?

నలభై కిలోమీటర్ల తిన్నని రోడ్డు, దాని పొడవునా ఊళ్లు. ఉన్నది ఒక్కటే 108 బండి అయితే ఎక్కడ నిలపాలి? నడిమధ్యన. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. ఇప్పుడు రెండో బండి వచ్చింది. చాలామంది మొదటిదాన్ని కదపరు, కొత్తదాన్ని ఏదో ఒక కొసకు పంపిస్తారు. రెండో కొసనున్నవాళ్లకు సాయం ఇంకా 20 కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. పదో కిలోమీటరు దగ్గర ఒకటి, ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర ఒకటి నిలిపితే ఎవరికైనా పదికి మించదు.

ఉన్నదాని జోలికి పోకుండా పైన ఇంకొకటి చేర్చడం మనకు అలవాటు. రాజకీయంగానూ అదే సుఖం. ఫైర్ స్టేషన్‌ని పక్క ఊరికి తరలిస్తామంటే ఏ ఊరు ఊరుకుంటుంది?

పైగా లెక్క మన బుర్రకు అందదు. వంద చోట్లలో పది ఎంచుకోవడానికి 17 లక్షల కోట్లకు పైగా మార్గాలున్నాయి. అన్నిటినీ తిరగేయకుండానే మేలైనదాన్ని పట్టుకునే గణితం 1970లలో రూపు దిద్దుకుంది. అందరికీ నిర్ణీత సమయంలో సాయం అందాలంటే కనీసం ఎన్ని కేంద్రాలు కావాలన్నది 1971లో టోరెగాస్, రెవెల్ బృందం వేసుకున్న ప్రశ్న. ఉన్న కొద్ది కేంద్రాలతోనే ఎక్కువమందిని ఎలా ఆదుకోవాలన్నది 1974లో చర్చ్, రెవెల్ వేసుకున్నది. ఖజానా ఖాళీగా ఉన్న ఊళ్లకు రెండోదే పనికొచ్చే ప్రశ్న.

మరి కంప్యూటర్ మాటే వినేస్తే? న్యూయార్క్‌లో అదీ జరిగింది. 1960ల చివర్లో రాండ్ సంస్థ నిపుణులు అక్కడి అగ్నిమాపక శాఖకు లెక్కలు కట్టసాగారు. ఫైరింజను ఎంత దూరం ఎంతసేపట్లో వెళ్తుందో తేల్చడానికి సిబ్బంది చేతికి స్టాప్‌వాచ్‌లు ఇచ్చారు. స్టేషన్లు నాలుగింతలైతే సగటు దూరం సగమవుతుందనే చక్కని సూత్రమూ దొరికింది.

చిక్కు ఆ 'సగటు'లోనే ఉంది. స్టేషన్లు దగ్గరదగ్గరగా ఉన్నచోట ఒకటి తీసేసినా కాగితం మీద సగటు పెద్దగా పెరగదు. అవి అలా గుమిగూడింది మాత్రం మంటలు ఎక్కువగా లేచే పేదల పేటల్లో. 1972లో నగరం కొన్ని దళాలను రద్దు చేసినప్పుడు బ్రాంక్స్ లాంటి చోట్లకూ ఆ కోత తగిలింది. దగ్గరి ఇంజను ఎప్పుడూ షెడ్డులోనే సిద్ధంగా ఉంటుందని లెక్క అనుకుందని, నిజానికి అది అప్పటికే ఇంకో మంట దగ్గర ఉండేదని విమర్శకులు ఎత్తిచూపారు. ఆ సంగతి అక్కడ పనిచేసే ఏ ఫైర్‌మన్‌ని అడిగినా చెప్పేవాడు.

1983లో పరిశోధకుడు మార్క్ డాస్కిన్ ఆ సంగతిని లెక్కలోకే ఎక్కించారు. ప్రతి బండీ కొంతసేపు వేరే పనిలో ఉండొచ్చని ముందే లెక్కగట్టారు. దాంతో జవాబు మారింది: కాల్స్ ఎక్కువగా వచ్చే చోట ఒక బండి పక్కనే రెండోదాన్ని నిలపమని కంప్యూటరే చెప్పసాగింది.