వెండితెర బండి... ఇంటికి తెచ్చుకోబోతే!

మీ అభిమాన హీరో ఎవరని అడిగితే కుర్రకారు తడుముకోకుండా పేరు చెబుతారు. ఆ హీరో ఎక్కిన బండి పేరు అడిగి చూడండి... అది ఇంకా ముందు చెబుతారు!

1973లో 'బాబీ' వచ్చింది. రిషి కపూర్, డింపుల్ జంట ఎంత పేరు తెచ్చుకుందో, వాళ్లను మోసిన పొట్టి చక్రాల రాజ్‌దూత్ జీటీఎస్ 175 కూడా అంత పేరు తెచ్చుకుంది. జనం దాని అసలు పేరు మరచిపోయి 'బాబీ బండి' అనేశారు. సరిగ్గా పదేళ్లకు, 1983లో, సుభాష్ ఘాయ్ తీసిన 'హీరో'లో జాకీ ష్రాఫ్ రాజ్‌దూత్ 350 ఎక్కాడు. ఆ కథే 1986లో మన నాగార్జున తొలి చిత్రం 'విక్రమ్'గా తెలుగులోకి వచ్చింది. ఇక 2018లో దర్శకుడు అజయ్ భూపతి ఏకంగా తన సినిమాకి బండి పేరే పెట్టేశాడు... 'ఆర్ఎక్స్ 100'! ఆ బండి తయారీ ఆగిపోయింది 1996లో. అయినా 22 ఏళ్ల తర్వాత పోస్టరు మీద ఆ పేరు చూసి ఈలలు వేశారంటే, మోజు ఎంతటిదో చూడండి.

కానీ ఒక్క మాట. తెర మీది బండికి వెనక మెకానిక్ ఉంటాడు. హీరో పడితే డూప్ ఉంటాడు. మనం కొనుక్కున్న బండికి హీరో మనమే, డూపూ మనమే! అందుకే పాత బండి కొనాలని ఉవ్విళ్లూరే మిత్రులకు ఈ ముచ్చట.

ఎవరీ మూడు వందల యాభై?

జపాన్ యమహా 1973లో తెచ్చిన ఆర్‌డీ 350ని ఎస్కార్ట్స్ సంస్థ 1983లో రాజ్‌దూత్ 350 పేరుతో మన రోడ్ల మీదికి దించింది. 347 సీసీ, రెండు సిలిండర్లు, రెండు కార్బ్యురేటర్లు, రెండు సైలెన్సర్లు, ఆరు గేర్లు. టూ స్ట్రోక్ ఇంజను. మన జనం బుల్లెట్ గుడుగుడుకీ, జావా, యెజ్డీల టకటకకీ అలవాటుపడ్డ రోజులవి. వాటి మధ్య ఇది గంటకు 140 కిలోమీటర్లు దాటి దూసుకుపోయే సరుకు! మొదట వచ్చినవి 30.5 హార్స్ పవర్ 'హై టార్క్' బళ్లు. తర్వాత పెట్రోలు ఖర్చు తగ్గించాలని శక్తిని 27కి దించి 'లో టార్క్' తెచ్చారు. అయినా ఏం లాభం? లీటరుకు ఇరవై, పాతిక ఇస్తే గొప్ప. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 లాంటి పొదుపు బళ్ల ముందు ఇది నిలవలేకపోయింది. ఆ దశాబ్దం ముగిసేసరికి దీని కథా ముగిసింది.

ఇంకో రహస్యం. జపాన్ బండికి ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉండేది. మన దాకా వచ్చేసరికి అది డ్రమ్ బ్రేకు అయింది. పరుగు సింహంలా, ఆగడం ముసలెద్దులా! కుర్రాళ్లు ఆర్‌డీ అంటే 'రాపిడ్ డెత్' అని పేరు పెట్టింది ఊరికే కాదు.

మిరప డబ్బు... మేనల్లుడి మోజు

మా మేనల్లుడికి ఇరవై నాలుగేళ్లు. కౌలుకు తీసుకున్న పొలంలో తేజ మిరప వేశాడు. గుంటూరు యార్డులో టిక్కీలు తూకం వేయించి, చేతికి డబ్బు రాగానే వాడు చూసింది బంగారం కొట్టు వైపు కాదు... రాజ్‌దూత్ 350 వైపు! పర్చూరు దారిలో ఒక ఊళ్లో పెద్దాయన దగ్గర బండి ఉందని తెలిసిందట. ధర 3 లక్షలట. పాతవాటికిప్పుడు లక్షల్లోనే పలుకుతోంది మరి.

మా అక్క నాతో ఒక్క మాటే అంది. "కొనిపిస్తావో మానిపిస్తావో నీ ఇష్టం తమ్ముడూ. పిల్లాణ్ణి మాత్రం జాగ్రత్తగా నా ఇంటికి చేర్చు."

అంతే, గుంటూరులో టూ స్ట్రోక్ బళ్లతోనే తల నెరిసిన మెకానిక్ ఒకాయన్ని వెంటబెట్టుకున్నాను. అందరూ 'భాయ్' అంటారు. ముగ్గురం చిలకలూరిపేట మీదుగా బయల్దేరాం. దారి పొడుగునా నల్లరేగడి చేలు, కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు, జీపుల వెనక గాలికి ఎగిరే దూది పింజలు.

స్క్రీన్ టెస్టు

బండి పాత మిరప కొట్టులో ఉంది. తలుపు తీయగానే ముగ్గురం ఒకేసారి తుమ్మాం! ఎర్ర రంగు నిగనిగలాడుతోంది. మావాడు అప్పుడే సగం పడిపోయాడు.

"నిన్న కూడా తీశానండీ, సింగిల్ కిక్కు!" అన్నాడు పెద్దాయన.

భాయ్ మాట్లాడకుండా సిలిండరు రెక్కల మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. మేం వచ్చే ముందే ఎవరో స్టార్టు చేసి ఉంచారన్నమాట! "బాబాయ్ గారూ, దీన్ని చల్లబడనివ్వండి. ఈలోపు మజ్జిగ ఇప్పించండి" అని నవ్వాడు.

చల్లటి ఇంజను అబద్ధం చెప్పదు. పాత బండి చూడబోయేవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇదే. వేడి మీద ఏ బండైనా మర్యాదగానే లేస్తుంది.

"తోలి చూద్దాం పట్టు మావయ్యా!" అని మావాడి తొందర. "తోలటం ఆఖర్న అబ్బాయ్" అని భాయ్ పని మొదలెట్టాడు. టాంకు మూత తీసి టార్చి వేశాడు. అడుగున తుప్పు పొడి. రెక్కల మధ్య దూది, దుమ్ము కలిసి గట్టిపడి ఉంది. గాలి ఆడక ఇంజను వేడెక్కేది ఇలాంటి చోటే. ఎయిర్ ఫిల్టరు తీస్తే అదీ అంతే. మడ్‌గార్డు లోపల ఎండిన రేగడి మట్టి గీకితే కింద తుప్పు. రంగు కొత్తదే, రేకు పాతది! "మేకప్ బాగుంది, మొహం చూడాలి" అన్నాడు భాయ్.

తర్వాత రెండు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండరుకీ గేజి పెట్టి కిక్కు కొట్టాడు. రెండు సిలిండర్ల బండిలో ఇది అసలు పరీక్ష. రెండింటి ఒత్తిడీ ఇంచుమించు ఒకటిగా ఉండాలి. ఒకటి బాగా తగ్గితే అటు రింగులో, బోరో పోయినట్టే. ఇక్కడ తేడా కొద్దిగానే ఉంది. "ఎన్నో బోరు?" అని అడిగితే పెద్దాయనకి తెలీదు. బోరు చేసినప్పుడల్లా సిలిండరు కాస్త పెద్దదవుతుంది, దానికి తగ్గ పెద్ద సైజు పిస్టను వేస్తారు. ఆఖరి సైజు దాకా వచ్చేసిన బండికి ఇక మిగిలేది తక్కువ. ఆ సంగతి కొనే ముందే తేల్చుకోవాలి.

ఆయిలు పంపు పనిచేస్తోందా, తీసేసి పెట్రోల్లోనే ఆయిలు కలుపుతున్నారా అన్నదీ అడగాలి. తీసేశారని తెలియక ఉత్త పెట్రోలు పోశామా, పిస్టను పట్టేస్తుంది. పరుగులో పట్టేస్తే వెనక చక్రం బిగుసుకుపోతుంది.

స్టార్టు చేశారు. అబ్బ... ఆ చప్పుడుకి నేను కూడా పదేళ్లు వెనక్కి పోయాను! కానీ కుడి సైలెన్సరు నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తోంది. ఇంజను వేడెక్కినా తగ్గలేదు. గేరు ఆయిలు కొలిస్తే తక్కువ. "కుడివైపు క్రాంకు సీలు పోయింది. గేరు ఆయిలు తాగుతోంది" అన్నాడు భాయ్. ఎడమవైపు సీలు పోతే వేరే జబ్బు... పొగ కనిపించదు, గాలి లాగేస్తుంది. యాక్సిలరేటరు వదిలినా ఇంజను అరుపు తగ్గదు. పొగ వచ్చే రోగం నయం, కనిపిస్తుంది. పొగ లేని రోగమే పిస్టన్‌ని తినేస్తుంది.

ఆగమంటే ఆగాలి కదా!

ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ మెల్లగా తిప్పాడు. మధ్యలో ఎక్కడా పట్టకుండా తిరగాలి. వెనక చక్రం అటూ ఇటూ ఊపాడు, బుష్షులు అరిగితే అక్కడ తెలుస్తుంది. స్టీరింగు వెనక చాసిస్ మీద రంగు ముడతలున్నాయేమో వేలితో తడిమాడు. ఎప్పుడైనా గుద్దుకున్న బండి అక్కడ గుట్టు విప్పుతుంది.

ఆఖరికి తానే తోలి వచ్చాడు. ముఖంలో నవ్వు లేదు. "గేర్లు బాగున్నాయి. బ్రేకు మాత్రం ఆగమంటే ఆలోచిస్తోంది. డ్రమ్ము గుండ్రం పోయింది." మావాడి వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "పొగ వస్తే డబ్బు పోతుంది అబ్బాయ్. బ్రేకు లేకపోతే ఏం పోతుందో నీకు చెప్పక్కర్లేదు."

మావాడు మొదటిసారి తల దించుకున్నాడు. నాకు మా అక్క మాట చెవిలో మోగింది.

కాగితాల దగ్గరే క్లైమాక్స్

ఆర్‌సీ తీయించాం. పాత మూడక్షరాల నంబరు. మంచిదే! ఏపీ 7 గుంటూరు, ఏపీ 27 ప్రకాశం అనే పద్ధతి 1989 జూలైలో కొత్త మోటారు వాహనాల చట్టం అమలయ్యాక వచ్చింది. 1984 మోడల్ అని చెప్పి ఏపీ 7 నంబరు చూపిస్తే, మధ్యలో ఏం జరిగిందో అడగాల్సిందే. చాసిస్, ఇంజను నంబర్ల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, అచ్చు తీసి ఆర్‌సీతో పోల్చాం. రెండూ సరిపోయాయి. గీకిన గుర్తు కనిపిస్తే మాత్రం ధర ఎంత తగ్గించినా వెనక్కి తిరగండి.

కానీ పేరు? పెద్దాయన అన్నగారిది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్ల పేరు మీదున్న బండిని వారసులు ముందు తమ పేరుకు మార్పించుకోవాలి. దానికి ఫారం 31. ఆ తర్వాతే 29, 30 ఫారాల మీద మనకి అమ్మకం. కొన్నవాడు 30 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. పదిహేనేళ్లు దాటిన బండి గనక రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ కూడా చూసుకోవాలి. 'వింటేజ్ కదా, లెక్కేముంది' అనేవాళ్ల మాట నమ్మకండి. 2021 నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటితేనే వింటేజ్. ఈ బళ్లలో మొట్టమొదటిది కూడా 2033 దాకా ఆ హోదాకి రాదు.

"ఇప్పుడే డబ్బిచ్చి తోలుకుపోండి, కాగితాలు నిదానంగా చూద్దాం" అన్నాడు పెద్దాయన. మావాడు నా వంక చూశాడు. నేను భాయ్ వంక చూశాను. ఆఖరికి మాట్లాడింది మావాడే. "కాగితం మీ పేరుకి రానివ్వండి తాతయ్యా. అడ్వాన్సిస్తాను, రసీదివ్వండి. ఇంజను విప్పాలి, బ్రేకు బాగుచేయించాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించండి." బేరం 2 లక్షల 20 వేలకి తెగింది. రెండు నెలలకి కాగితాలొచ్చాయి. బండి నేరుగా భాయ్ షెడ్డుకే వెళ్లింది. సీళ్లు మారి, డ్రమ్ము కొత్తదై, బ్రేకు పట్టాకే మావాడి చేతికి తాళం వచ్చింది. దానికంటే ముందే హెల్మెట్ కొన్నాడు. వాళ్లమ్మ దగ్గరుండి కొనిపించింది లెండి!

మిత్రులారా, సినిమా చూసి మనసు పారేసుకోవడం తప్పు కాదు. మోజు లేనివాడు పాత బండి జోలికే పోడు. కానీ ఈల వేయడానికి టిక్కెట్టు ఖర్చు చాలు. బండికైతే ఏడాది కష్టం పొయ్యాలి, పైగా ప్రాణం దాని మీద పెట్టాలి. ముందు కాగితం, తర్వాత బ్రేకు, ఆపైన ఇంజను, అన్నిటికంటే ఆఖర్న రంగు... ఈ వరుసలో చూడండి. చాలామంది దీన్ని తలకిందులుగా చూస్తారు. అమ్మేవాడికి కావలసిందీ అదే!