ఫజర్‌కు లేవలేని బిడ్డ

"మనోవ్యాధి మాత్రలు మొదలుపెట్టినప్పటి నుంచి మావాడు ఫజర్‌కు లేవడం లేదు హజ్రత్, మాన్పించేదా?" అని బంగారుపాళ్యంలో ఒక తల్లి అడిగింది.

వద్దమ్మా! ఒలాంజపిన్, క్లోజపిన్ వంటి మందులు మెదడులో మెలకువకు తోడ్పడే హిస్టమిన్ పనికి అడ్డుపడతాయి. ఆ మగత సోమరితనమూ కాదు, ఈమాన్ లోపమూ కాదు. హఠాత్తుగా మానితే జబ్బు తిరగబెట్టవచ్చు. వేళ మార్చడమో, మోతాదు తగ్గించడమో డాక్టరు చేస్తారు; కాని ఆయనకు ఎవరో ఒకరు చెప్పాలి కదా! వేలూరు దగ్గర బాగాయంలోని సి.ఎం.సి. మానసిక వైద్యకేంద్రంలో రోగి వెంట ఇంటివారినీ ఉండమంటారు. రక్తహీనత, థైరాయిడ్ కూడా చూపించండి.

నిద్రలో నమాజు తప్పితే మేల్కొనగానే చేసుకోవాలన్నది దైవప్రవక్త (సఅసం) బోధన. మామిడి మండీకి పొద్దెక్కాకే పంపండి. మగత తగ్గేదాకా బండి తాళం మాత్రం ఇవ్వకండి.